గడియారాల ఇంటి పిల్ల, పదిహేడో నంబరు ఆవు

మా హాస్టలు గదిలో ఉదయం అయిదున్నరకు ముందు నోరు విప్పే హక్కు ఒక్క అలారం గడియారానికే ఉండేది. ఎందుకమ్మ అనే పిల్ల నా గదిలోకి వచ్చిన మర్నాడే దానికి ఆ హక్కు కూడా పోయింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నా గడియారం వీపు తెరుచుకుని బోర్లా పడి ఉంది. దాని లోపలి సామానంతా ఆమె మంచం మీద, పాత వార్తాపత్రికలో, పెద్దదాని పక్కన చిన్నది చొప్పున వరసగా పేర్చి ఉంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అని అరిచాను.

"నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది. ఎందుకో చూద్దామని."

"నేనే ముందు పెట్టుకున్నాను తల్లీ! క్లాసుకు ఆలస్యం కాకూడదని!"

ఆమె చేతిలో బుల్లి చక్రం పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ముందుందని నీకు తెలుసు కదా. తెలిశాక నాలుగు నిమిషాలు తీసేసి లెక్కేసుకుంటావు కదా. మరి ఎందుకు పెట్టుకున్నట్టు?" అంది.

జవాబు దొరకనప్పుడు నాకు కోపం వస్తుంది. నా ముక్కు మీద కోపం సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో తప్పు ఎవరిదో తెలియడానికి అది అవసరం. ఇంతకీ ఆ గడియారాన్ని ఆమె పావుగంటలో తిరిగి బిగించింది. అది నాలుగేళ్ళ తర్వాత కూడా సెకను తేడా లేకుండా నడిచింది. దాని మీద కూడా నాకు కొన్నాళ్ళు కోపంగానే ఉండేది.

వారం తిరక్కుండా క్లాసంతా ఆ పిల్లకు ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది. ఆవుకు పై దవడలో ముందు పళ్ళు ఎందుకు లేవు, గుర్రం వాంతి ఎందుకు చేసుకోలేదు, మేక కంటిపాప అడ్డంగా ఎందుకుంది, మనకు భోజనశాలలో రోజూ అదే కూర ఎందుకు. చివరి దానికి తప్ప అన్నిటికీ మా మాస్టార్లు ఓపిగ్గా జవాబు చెప్పేవారు. నన్ను మాత్రం ర్యాంకు అనేవాళ్ళు. ప్రవేశ పరీక్షలో నాది మొదటి ర్యాంకు, క్లాసులోనూ అంతే. అసలు పేర్లతో మమ్మల్ని పిలిచింది హాజరు పట్టీ ఒక్కటే.

ఎందుకమ్మ వాళ్ళ ఊరికి మా కాలేజీ నుంచి రైల్లో రెండు రాత్రుల ప్రయాణం. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. అమ్మ బాగైన గడియారాలకు చీటీలు కట్టి మేకులకు తగిలిస్తుంది. ఆ ఇంట్లో ఆవు సంగతి అటుంచండి, కోడిపిల్ల కూడా ఉండేది కాదు. వాళ్ళ బామ్మకు మనవరాలి చదువేమిటో చివరిదాకా అంతుపట్టలేదు. ఫోను చేసినప్పుడల్లా "నువ్వు సూది వేసే డాక్టరువా, గడ్డి వేసే డాక్టరువా?" అని అడిగేది. "రెండూ వేస్తాను బామ్మా" అనేది ఈ పిల్ల.

అలాంటి ఇంట్లోంచి పశువైద్యానికి ఎందుకొచ్చిందని నాకు కుతూహలంగా ఉండేది. ఎందుకమ్మను ఎందుకని అడగడం నామోషీ అనిపించి చాలాకాలం అడగలేదు. ఒకరోజు అడిగితే ఇలా చెప్పింది. "గడియారం ఆగితే విప్పి చూడొచ్చు. ఆవు ఆగితే విప్పలేం కదే. విప్పకుండానే ఎక్కడ ఆగిందో చెప్తారట. అదెలాగో చూద్దామని వచ్చాను."

మొదటి నెలంతా ఆమెకు సరిగా నిద్ర లేదు. ఇంటి మీద బెంగ అనుకున్నాను. బెంగే, కానీ నేననుకున్న రకం కాదు. ముప్ఫై గడియారాల చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లకు, ఒకే గడియారం ఉన్న గది వల్లకాడులా ఉందట. చెవులు నొప్పి పుడుతున్నాయనేది. నవ్వొచ్చింది నాకు. చప్పుడుకు చెవినొప్పి వచ్చినవాళ్ళను చూశాను గానీ, చప్పుడు లేక వచ్చినవాళ్ళను అప్పుడే చూశాను.

ఒక ఉదయం పశువుల కొట్టంలో పని. ఆరు గంటలకల్లా రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్ళాలి, పేడ ఎత్తాలి, నీళ్ళు పట్టాలి, తర్వాతే పాఠం. ఆరోజు పాఠం ఆవు పెద్ద పొట్ట చప్పుడు వినడం. ఎడమ డొక్క మీద స్టెతస్కోపు ఆనిస్తే, ఎక్కడో దూరంగా ఉరిమినట్టు, లోపల మేత తిరగబడుతున్న చప్పుడు వస్తుంది. రెండు నిమిషాలకు మూడుసార్లు వస్తే పొట్ట బాగున్నట్టు. మేమంతా విన్నాం, రాసుకున్నాం, పక్కకు తప్పుకున్నాం. ఈమె మాత్రం స్టెతస్కోపు తియ్యలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైందే?"

"ఇక్కడా ఒకటి నడుస్తోందే" అంది.

ఆ ఆవే పదిహేడో నంబరు. మేం దొరసాని అనేవాళ్ళం. ఎర్రటి ఒళ్ళు, ఒక కొమ్ము కిందికి వంగి ఉంటుంది. నెమరు వేస్తున్నంతసేపు నువ్వు తోసినా, లాగినా, బతిమాలినా అంగుళం కదలదు. నెమరు అయ్యాక తనే నడిచి వెళ్తుంది. మా ముందు ఏడెనిమిది బ్యాచ్‌ల పిల్లలు దాని మీదే సూది వెయ్యడం, నాడి చూడడం నేర్చుకున్నారు. కాలేజీలో అందరికన్నా సీనియర్ ప్రొఫెసర్ అదేనని కొట్టం చూసే బాబాయి అనేవాడు. "మిగతా ప్రొఫెసర్లకు జీతం ఇస్తారు, దీనికి గడ్డి ఇస్తారు, అంతే తేడా" అనేవాడు. ఎందుకమ్మ ఆ రోజు నుంచి పొద్దున్నే అందరికన్నా పావుగంట ముందు వెళ్ళి, దొరసాని డొక్కకు చెవి ఆనించి కాసేపు నిలబడి, తర్వాతే పేడ తట్ట ఎత్తేది. నిద్ర కూడా పట్టడం మొదలైంది.

ఆదివారం సాయంత్రాలు ఇంటికి ఫోను. వేరే వాళ్ళ ఫోన్లలో తిన్నావా, పడుకున్నావా, చిక్కిపోయావా అని ఉంటుంది. వీళ్ళదో తీరు. వాళ్ళ నాన్న ఆ వారం బాగుచేసిన గడియారం దగ్గర ఫోను పెట్టేవాడు. ఈమె స్పీకరు పెట్టి, కళ్ళు మూసుకుని వినేది. నాకు టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడేది కాదు.

"కుంటుతోంది నాన్నా. ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేస్తోంది."

"గోడకు వంకరగా తగిలించానులే. ఇప్పుడు విను."

"ఇప్పుడు బాగుంది."

అంతే, అక్కడితో ఇద్దరికీ కడుపు నిండిపోయేది. నాకు ఆ ఆట మీద అసూయగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. మా నాన్న ఫోను చేస్తే అడిగేది ఒక్కటే, "ఈసారి కూడా ఫస్టే కదా?"

నాలుగో ఏడాదిలో ప్రసూతి పాఠాలు మొదలయ్యాయి. ఆ పాఠం చెప్పే ఆవిడను ప్రసూతి మేడమ్ అనేవాళ్ళం. ఆవు చూడి కట్టిందా, ఖాళీగా ఉందా అని చేత్తో చెప్పడం అందులో మొదటి మెట్టు. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, వెనక నుంచి పేడ దారిలో చెయ్యి లోపలికి పంపి, ఆ పేగు గోడ మీదుగా కిందున్న గర్భసంచిని తడమాలి. కళ్ళకు అక్కడ పనిలేదు. వేళ్ళు ఏం చెబితే అదే. నా చేతులు పొడవు. ఎందుకమ్మవి పొట్టి. అల్మారా పై అరలో సబ్బుపెట్టె కూడా నేనే అందించాలి.

మొదటి రోజే ఆమె భుజం దాకా చెయ్యి పెట్టి, "మేడమ్! దొరికింది! నీళ్ళ సంచిలా గుండ్రంగా ఉంది. నాలుగు నెలలు!" అని కేక పెట్టింది.

మేడమ్ "నొక్కకు, అది..." అనేలోపే, ఆవు ఆ నాలుగు నెలల చూడినీ ధారగా ఆమె బూట్లలోకి వదిలేసింది. ఆమె పట్టుకున్నది నిండిన మూత్రాశయం. కొత్తవాళ్ళు తరచుగా చేసే పొరపాటేనని మేడమ్ చెప్పారు గానీ ఎవరు వింటారు? ఆ తర్వాత నెలల తరబడి ఆమె నీళ్ళ సీసా ఎత్తితే చాలు, "ఎన్నో నెల?" అని అడిగేవాళ్ళం. ఆ మాట మొదట అన్నది నేనే. ఆమె కూడా నవ్వేది. కానీ అప్పటినుంచి పరీక్ష చేసిన ప్రతిసారీ, చెయ్యి తీశాక ముందు నా ముఖం చూసేది. నేను తల ఊపితేనే పైకి చెప్పేది.

ఆ ఏడాది చలి తగ్గుతున్న రోజుల్లో ఒక గురువారం, కొట్టం తలుపు మీద జాబితా అంటించారు. ఏటా ఒకసారి అంటిస్తారు. పాలు ఇవ్వనివి, ఎన్నిసార్లు ప్రయత్నించినా చూడి నిలవనివి, అలాంటి వాటి నంబర్లు. శనివారం పొద్దున లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కిన పశువు ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నాలుగు నంబర్లు ఉన్నాయి. నాలుగోది పదిహేడు.

బాబాయి ఆ కాగితం ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దొరసాని కూడానా అమ్మా?" అని ఎవరినో అడిగినట్టు అడిగాడు. నేను విననట్టు బూట్లు కడుక్కున్నాను. ఎందుకంటే రిజిస్టరులో పదిహేడో నంబరుకు ఎదురుగా "ఖాళీ" అని రాసింది నేను.

అది రెండు వారాల కిందటి మాట. దొరసానికి కృత్రిమ గర్భధారణ చేయించి అప్పటికి నాలుగున్నర నెలలు. రెండో నెలలో మేడమ్ చూసి, ముసలి ఆవు, సంచి లోతుగా వేలాడుతోంది, అనుమానం, మళ్ళీ చూడాలి అని రాశారు. ఆ మళ్ళీ చూసే పని నాకు ఇచ్చారు. నా చెయ్యి అంతవరకూ ఒక్కసారీ తప్పు చెప్పలేదు మరి. ఆ రోజు నా వంతు పది ఆవులు. తొమ్మిది అయ్యాయి. పదోది దొరసాని, దాని దగ్గర ఉండగా భోజనం గంట కొట్టారు. చెయ్యి పెట్టాను. గర్భసంచి ఉండాల్సిన చోట ఏమీ తగల్లేదు. ఆ సంచి మెడ మాత్రం లోపల ముందుకు లాగినట్టు బిగుసుకుని ఉంది. ముసలిది కదా, అన్నీ బిగుసుకుంటాయనుకున్నాను. చెయ్యి కడుక్కుని, రాసేసి, భోజనానికి పోయాను.

గురువారం సాయంత్రం గదిలో ఎందుకమ్మ మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. "ఒక మాట అడగనా?"

"వద్దంటే మానేస్తావా?"

"ఖాళీగా ఉన్న ఆవు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకు రావాలి కదా. దొరసాని ఈ అయిదు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదట. బాబాయిని అడిగాను. ఎందుకు రాలేదు?"

"ముసలిదే అది. ముసలివాళ్ళను అన్నిటికీ ఎందుకు, ఎందుకు అని అడక్కూడదు."

"ముసలిదైతే అంతకుముందు ఎందుకొచ్చింది?"

నాకు కోపం వచ్చింది. పుస్తకం టపీమని మూశాను. "అంటే నేను తప్పు రాశానంటావా?"

"అయ్యో, అలా ఎందుకంటాను? నువ్వు తప్పు చెప్పవు కదా. మరి రాకపోవడం ఎందుకా అని."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "కావాలంటే పోయి చూసుకో" అన్నాను.

ఆమె నిజంగానే చూసుకోవడానికి వెళ్ళింది. శుక్రవారం పొద్దున్నే, కొట్టంలో బాబాయి దొరసానిని ఇనుప బోనులో నిలబెట్టాడు. నేనూ వెళ్ళాను. సాయానికి అని చెప్పాను గానీ, నవ్వుదామనే వెళ్ళాను. చెయ్యి అందదని ఎందుకమ్మ బాల్చీ బోర్లించి దాని మీద ఎక్కి నిలబడింది. చెంప ఆవు తొడకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆదివారం ఫోను వింటున్నప్పటి ముఖమే పెట్టుకుంది. అయిదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. దొరసాని నెమరు వేస్తూ నిలబడింది.

"ఏం, దూడ తగిలిందా?" అన్నాను.

"లేదు. సంచే అందడం లేదు నాకు."

"చూశావా మరి."

"కానీ ఇక్కడ పక్క గోడలో ఒక నాడి ఉందే. వేలంత లావుంది. అది కొట్టుకోవడం లేదు. జుమ్మంటోంది. కొళాయి కొంచెం తిప్పినప్పుడు గొట్టం పట్టుకుంటే ఎలా ఉంటుంది, అలా."

అదేమిటో నాకు తెలుసు. చూడి నాలుగైదు నెలలు దాటితే సంచి బరువుకు కడుపులోకి జారిపోతుంది, చేతికి అందదు. అప్పుడు సంచికి రక్తం తెచ్చే నాడిని పట్టుకోవాలి. అది లావెక్కి, కొట్టుకోవడం మాని, జుమ్మని మోగుతుంది. పోయిన పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పదికి పది వచ్చాయి. ముందుకు లాగినట్టు బిగుసుకున్న మెడ కూడా అందుకేనని అప్పుడే, ఆ బాల్చీ పక్కన నిలబడి ఉండగానే, నాకు తట్టింది. తట్టినా, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"అది నీ చెయ్యే. అంతసేపు లోపల పెడితే తిమ్మిరెక్కి వణుకుతుంది. అందరికీ అవుతుంది."

ఎందుకమ్మ కళ్ళు తెరిచి నా ముఖం చూసింది. నేను తల ఊపలేదు. "అవునేమోలే" అని చెయ్యి తీసేసి, బాల్చీ దిగింది. తొడుగు విప్పుతుంటే ఆమె చెయ్యి నిజంగానే వణుకుతోంది.

ఆ రోజు మధ్యాహ్నం క్లాసు లేదు. నేను తేలు కుట్టిన దొంగలా గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆదివారం కాకపోయినా ఆమె అలవాటుగా స్పీకరు పెట్టి ఇంటికి ఫోను చేసింది. నేను నిద్రపోతున్నాననుకుంది.

"నాన్నా, ఒకటి అడుగుతాను. వేలి కింద ఏదో వణుకుతోందనుకో. వణికేది వస్తువో, నీ వేలో ఎలా తెలుసుకుంటావు?"

అవతల కొట్టులో గడియారాలన్నీ వినిపిస్తున్నాయి. ఆయన వెంటనే చెప్పేశాడు. "అదే వేలితో బల్ల ముట్టుకుంటాను. బల్ల కూడా వణికితే నా వేలే. బల్ల ఊరికే ఉంటే వస్తువు. ఏం తల్లీ, చేతులు వణుకుతున్నాయా? సరిగ్గా తింటున్నావా?"

"తింటున్నాను నాన్నా. లోపల బల్ల ఉండదు కదా మరి" అని ఆగి, తనకు తనే అన్నట్టు, "అటు పక్క కూడా ఒక నాడి ఉంటుంది" అంది.

నాకు గోడ మీద పెచ్చులూడిన సున్నం తప్ప ఏమీ కనిపించలేదు. లేచి, "అవునే, నీదే సరి, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోదాం" అని అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అనలేదు. మేడమ్ ఏదో సమావేశానికి వేరే ఊరు వెళ్ళారు, రేపు పొద్దున నేరుగా లారీ దగ్గరికి వచ్చి సంతకం పెడతారు, నా రాత కింద. సాయంత్రం దాకా నేను లెక్కపెట్టింది అది ఒక్కటే. ఆవును కాదు, నా పేరును.

శనివారం మేం కొట్టానికి చేరేసరికి లారీ వెనక తలుపు దించి, పలక వేసి ఉంది. మూడు ఆవులు ఎక్కేశాయి. బాబాయి దొరసాని పలుపు పట్టుకుని ఉన్నాడు. లారీ మనుషులు ఇద్దరు వెనక నుంచి తోస్తున్నారు. దొరసాని నెమరు వేస్తోంది.

"ఇంకెంతసేపు పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

"అది అయిపోయాక బాబూ. దాని టైము దానిది" అన్నాడు బాబాయి.

ఎందుకమ్మ పరుగెత్తింది. బాల్చీ తెచ్చింది, తొడుగు వేసుకుంది, మేడమ్ వచ్చారా అని కూడా చూడకుండా లారీ పలక పక్కనే, నేల మీదే బాల్చీ బోర్లించి ఎక్కి నిలబడింది. డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కుడి పక్కన చాలాసేపు వేళ్ళు ఆనించింది. చెయ్యి లోపలే తిప్పి, ఎడమ పక్కన ఆనించింది. పెదాలు కదిలాయి.

"కుడి పక్కది జుమ్మంటోంది. ఎడమ పక్కది మామూలుగా కొట్టుకుంటోంది. చెయ్యి ఒక్కటే" అంది. తర్వాత చెయ్యి తీసి, నా వైపు తిరిగింది. "నాకు నా చెయ్యి మీద నమ్మకం లేదు. నువ్వు చూడు. నీది పొడవు కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని ఆమె ముఖంలో వెతికాను. లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే. ఆ రోజు విప్పిన అలారం గడియారం ముందు కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

నేను చెయ్యి పెట్టాను. బిగుసుకున్న సంచి మెడ పట్టుకుని, ఈసారి దాని వెంబడే ముందుకు, కిందికి, భుజం ఆవుకు ఒత్తుకునేదాకా పంపాను. వేళ్ళ చివరకు పైన మెత్తగా, లోపల గట్టిగా ఏదో తగిలింది. చిన్న గిట్ట. కొంచెం నొక్కాను. అది గభాల్న వెనక్కి లాక్కుంది.

నా వెనక మేడమ్ గొంతు వినిపించింది. "ఏం జరుగుతోంది ఇక్కడ?"

"చూడి మేడమ్. అయిదు నెలలు. ప్రాణంతో ఉంది. ఈ అమ్మాయి నాడి పట్టి చెప్పింది" అన్నాను, చెయ్యి తియ్యకుండానే.

మేడమ్ రిజిస్టరు తెరిచారు. "మరి ఈ ఖాళీ ఎవరు రాశారు?"

"నేనే మేడమ్."

"చూసి రాశావా?"

"చెయ్యి పెట్టి రాశాను మేడమ్. చూడలేదు."

ఆవిడ కలం నా చేతికిచ్చారు. "బావిలో చేద కనపడకపోయినా, తాడు బిగుసుకుంటే అడుగున బరువున్నట్టే. క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను? నీ చెయ్యి పొడవే గానీ తొందర ఇంకా పొడవు. కొట్టేసి, నీ చేత్తోనే రాయి." రాశాను. అక్షరాలు వంకరపోయాయి. తర్వాత లారీలోని మూడింటినీ కిందికి దించమని, నన్నూ ఎందుకమ్మనూ మళ్ళీ చూడమన్నారు. ఆ మూడూ నిజంగానే ఖాళీ. అవి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఎందుకమ్మ లారీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత కొట్టంలోని నలభై ఆవులనూ మేమిద్దరం వరసగా చూడాల్సి వచ్చింది, అది నాకు శిక్ష, ఆమెకు పండగ. సాయంత్రానికి నాకు భుజం లేవలేదు. ఆమె మాత్రం ప్రతి ఆవు దగ్గరా కుడి, ఎడమ, కుడి, ఎడమ అనుకుంటూనే ఉంది.

నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం, దొరసాని ఈనింది. పెయ్య దూడ, తల్లి రంగే. బాబాయి దాన్ని గోనెతో తుడుస్తూ "ప్రొఫెసరమ్మకు వారసురాలు" అని ఏడ్చాడు. ఎందుకమ్మ తడి నేల మీద చతికిలపడి, ఫోనులో స్పీకరు పెట్టి, దూడ ఎడమ ముందుకాలి వెనక, గుండె దగ్గర ఆనించింది.

"నాన్నా, ఇది విను."

"కొంచెం తొందరగా నడుస్తోంది తల్లీ."

"కొత్తది కదా నాన్నా. సర్దుకుంటుంది."

ఆమె నవ్వుతూ నా వైపు చూసింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే బయటికి వెళ్ళిపోయాను.

ఇదంతా జరిగి పంతొమ్మిదేళ్ళయింది. నేనిప్పుడు ఒక పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఆమె నాకు దూరంగా, ఇంకో ఊళ్ళో పిల్లలకు ఇదే పాఠం చెబుతోంది. వారానికోసారి ఫోను చేస్తుంది. ఇప్పటికీ అంతే, మొన్న కూడా ముప్పావుగంట, గాడిద చెవి లోపలి వెంట్రుకలు ఎందుకు అటే వాలి ఉంటాయని. నా జుట్టు ఎందుకు నెరుస్తోంది, నా కూతురు ఎందుకు అలిగింది, నేను ఇంకా అలారం నాలుగు నిమిషాలు ముందు ఎందుకు పెట్టుకుంటున్నాను, అన్నీ అడుగుతుంది.

ఆ శుక్రవారం బాల్చీ మీద నిలబడి నా ముఖం చూసిన మనిషికి, ఆ నాడి సంగతి నాకు తెలిసిందని తెలిసే ఉంటుంది. గోడకు వంకరగా తగిలించిన గడియారాన్ని ఫోనులో పట్టుకున్న పిల్ల, పక్కన నిలబడ్డ నా గొంతులో వంకర పట్టుకోలేదంటే నేను నమ్మను. మేడమ్ ముందు నేను ఒప్పుకున్నది భోజనం గంట తప్పు ఒక్కటే. రెండో తప్పు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఫోను మోగిన ప్రతిసారీ, ఈసారి అడుగుతుంది, అడిగితే చెప్పేస్తాను అనుకుంటాను. పంతొమ్మిదేళ్ళుగా లోకంలో అన్నిటికీ ఎందుకని అడిగింది. "ఆ రోజు నీ చెయ్యే వణుకుతోందని నాతో ఎందుకన్నావు?" అని మాత్రం నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.